ఆక్టేవియాను అమ్మకు, ఇంకో పెట్రోల్ బండి కొనకు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 34. రోజూ విజయవాడలో ఉద్యోగానికి కారులోనే వెళ్లొస్తాను. 2018లో కొన్న స్కోడా ఆక్టేవియా 1.8 పెట్రోల్ కారు ఉంది, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఆ ఇంజిన్ అంటే నాకు ప్రాణం. మా ఆవిడ, మా బావమరిది ఇద్దరూ అది అమ్మేసి ఎలక్ట్రిక్ తీసుకుందాం అంటున్నారు, పెట్రోల్ ఖర్చు వాళ్ల బాధ. అమ్మకేమో బ్యాటరీ బండి పేరెత్తితేనే భయం, తగలబడుతుందని, వరదొస్తే షాక్ కొడుతుందని. నా ఆలోచన వేరు. పవర్ ఉన్న పెట్రోల్ ఇంజిన్లు ఇంకో నాలుగైదేళ్లలో దొరకవంటున్నారు కదా, ఆలోపు ఇది ఇచ్చేసి లోన్ మీద కొత్త ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ పెట్రోల్ కారు తీసుకుని దాన్నే చివరిదాకా ఉంచుకుందామని. ఆటోనగర్‌లో మా బాబాయికి ఇంజిన్ పని షెడ్డు ఉంది, ఆయన కూడా "ఇంకో పదేళ్లకు మా పని అయిపోయినట్టేరా" అని దిగులు పడుతున్నాడు. అది వింటే ఇంకా బాధగా ఉంది. ఒక ఇంజిన్‌ని ఇంతగా ఇష్టపడటం తప్పేమో అని కూడా అనిపిస్తోంది. ఈ మధ్య పొద్దున స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గరగరమంటోంది, అది వేరే సంగతిలే. ఏం చెయ్యమంటావు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఆఖరి ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే నీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది. తప్పు కాదు. మా నాన్న ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు చేసేవాడు. పటమట నుంచి మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లేది నేనే. గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తోలే లారీలు వచ్చి ఆగేవి, షెడ్డంతా డీజిల్ వాసనతో పాటు మిర్చి ఘాటు. ఆయన ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ దిమ్మకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఇక్కడ బేరింగ్ పోతోంది, అక్కడ వాల్వ్ కొడుతోంది అని చెప్పి మరీ ఇంజిన్ దింపేవాడు, విప్పి చూస్తే అదే ఉండేది. అన్నం తినకుండా అది చూస్తూ నిలబడేవాణ్ణి. మనిషి ఒక యంత్రాన్ని అంత దగ్గరగా వినడం నేను చూశాను కాబట్టి నీ ఇష్టాన్ని ఎవరైనా పిచ్చి అంటే నేను ఒప్పుకోను.

నువ్వు వింటున్నదేమిటో కూడా చెబుతాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 200 సార్లు లోపల మంట అంటుకుంటుంది. గాలి లాగడం, నొక్కడం, కాల్చడం, పొగ బయటకి నెట్టడం, ఈ నాలుగు పనులు ఒక్కో సిలిండర్‌లో పూర్తవ్వాలంటే ఇంజిన్ రెండు చుట్లు తిరగాలి. నువ్వు పెడల్ నొక్కినప్పుడు 2,000 దగ్గర గంభీరంగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నగా, పదునుగా మారే ఆ గొంతు అదే. ఎలక్ట్రిక్ బండిలో ఉండే మోటారుకి ఆ మెట్లెక్కడం ఉండదు, మొదటి క్షణంలోనే ఉన్న లాగుడంతా ఇచ్చేస్తుంది. అందుకే చాలామందికి అది ఎంత వేగంగా పోయినా ఏదో వెలితిగా ఉంటుంది.

అయితే ఇక్కడే నువ్వు రెండు వేరు వేరు విషయాలు కలిపేసుకుంటున్నావు. పవర్ వేరు, ఇంజిన్ మీద ఇష్టం వేరు. పవర్ పోటీ అయిపోయింది, పెట్రోల్ ఓడిపోయింది, ఆ మాట నాకూ కష్టంగానే ఉంటుంది గానీ నిజం. నీ ఆక్టేవియాది 180 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగుడు బలం), 2018లో ఆ ధరలో అదొక అద్భుతం. ఇవాళ మహీంద్రా బీఈ 6లో పెద్ద బ్యాటరీది 286 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి 6.7 సెకన్లని కంపెనీ లెక్క. హారియర్ ఎలక్ట్రిక్‌లో రెండు మోటార్లది 6.3 అంటున్నారు. పదేళ్ల కిందట ఇలాంటి అంకెలు జర్మన్ లగ్జరీ బండ్లవి. పెట్రోల్‌లో ఉన్న శక్తిలో పావు వంతు అటూ ఇటుగా చక్రాల దాకా చేరుతుంది, మిగతాదంతా రేడియేటర్ లోంచి, సైలెన్సర్ లోంచి వేడిగా పోతుంది, మోటారు మాత్రం అందిన కరెంటులో 90 శాతం దాకా పనికి పెడుతుంది. దీన్ని ఎంత గొప్ప ఇంజినీరూ తిప్పలేడు.

కానీ పవర్ కోసమే ఇంజిన్‌ని ప్రేమిస్తామా? యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు సంగతి చూడు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, అంతే. 1985లో వచ్చి, టూ స్ట్రోక్ పొగకి నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో ఆగిపోయింది. ఇప్పుడొచ్చే మామూలు 150 సీసీ బండి కూడా దాన్ని దాటేస్తుంది. అయినా మా మావయ్య నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీద తీసుకెళ్లిన ఆ శబ్దం ఈ రోజుకీ ఏ సందులో వినబడినా తల తిప్పుతాను. బాగున్న ఆర్‌ఎక్స్ ఇప్పటికీ బేరానికొస్తే జనం ఎగబడతారు. తయారీ ఆగి ముప్పై ఏళ్లవుతున్నా దాన్ని బాగుచేసే మేస్త్రీలు బెజవాడలో ఉన్నారు, గుంటూరులో ఉన్నారు. కంపెనీ ఆపేసిన రోజునే ఇంజిన్ చచ్చిపోదు, దాన్ని చూసుకునేవాళ్లు ఉన్నంతకాలం ఉంటుంది.

ఇప్పుడు నీ వర్టస్ ఆలోచన. వద్దు. మంచి బండే, నడపడానికి సరదాగానే ఉంటుంది, దాని మీద నాకేం కోపం లేదు. కానీ దాని 1.5 టర్బో ఇచ్చేది 150 హార్స్‌పవర్. పవర్ ఉన్న ఇంజిన్లు పోతాయేమోనన్న భయంతో 180 ఉన్నది అమ్మేసి, లోన్ పెట్టి 150 ఉన్నది తెచ్చుకుంటావా? టార్క్ దగ్గరదగ్గర ఒకటే అయినా, నీకు ప్రాణమన్నది ఆ పై ఆర్‌పీఎంల ఊపు కదా, అది తగ్గుతుంది. మహీంద్రా రెండు లీటర్ల టర్బో పెట్రోల్ 200 దాకా ఇస్తుంది గానీ అది ఎత్తయిన ఎస్‌యూవీల్లో ఉంది, నీకు కావాల్సిన నేలకి అంటుకుని పోయే సెడాన్ కాదు. పోనీ నిజంగా పెద్ద ఇంజిన్ కావాలంటే 2025లో గోల్ఫ్ జీటీఐ బయటి నుంచి తెప్పించి అమ్మారు, 265 హార్స్‌పవర్, మొదటి విడత 150 బండ్లే, ఒక్కోటి షోరూమ్ ధరే 53 లక్షలు. మన దగ్గర బలమైన పెట్రోల్ ఇంజిన్ ఉన్న అలాంటి కారు ఇప్పటికే మధ్యతరగతి చెయ్యి దాటిపోయింది తమ్ముడూ, నువ్వు నాలుగైదేళ్ల తరవాత జరుగుతుందని భయపడుతున్నది జరిగిపోయింది. నీ వాకిట్లో ఉన్నదే ఆ ఆఖరి బ్యాచ్.

ఇదంతా ఎలక్ట్రిక్ ఒక్కదాని వల్లే అయిందని కూడా అనుకోకు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చినప్పుడే మన దగ్గర చాలా ఇంజిన్లు వెళ్లిపోయాయి, నీ 1.8 కూడా ఆ గాలిలోనే పోయింది. పన్ను ఇంకో దెబ్బ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారుకి జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40, ఎలక్ట్రిక్‌కి 5. పెద్ద ఇంజిన్ చెయ్యాలన్న ఆశ ఏ కంపెనీకి మిగులుతుంది?

అలాగని బయటి దేశాల్లో కథ ముగిసిపోయిందా అంటే లేదు. మెర్సిడెస్ వాళ్లు సీ 63 కారులో వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) తీసేసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి మోటారు జోడించి 680 హార్స్‌పవర్ ఇచ్చారు, పాతదానికంటే చాలా ఎక్కువే, అయినా ఆ బండి అభిమానులు మొహం తిప్పుకున్నారు. అమెరికాలో డాడ్జ్ 2023తో వీ8 చాలెంజర్ కారుని ఆపి, చార్జర్ అన్న పేరుతో ఎలక్ట్రిక్ కారు తెస్తే అనుకున్నంత ఆదరణ రాలేదు, 2025లో అదే గ్రూపు తన రామ్ పికప్‌లోకి హెమీ వీ8ని వెనక్కి తెచ్చింది. యూరప్ 2035 నుంచి కొత్త పెట్రోల్ కార్లు వద్దని 2023లో చట్టం చేసుకుంది, 2025 డిసెంబర్‌లో దాన్ని కొంత సడలిద్దామని యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది. ఇంకోపక్క నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. నది ఒకే వైపు పోతోంది గానీ సుడులు చాలా ఉన్నాయి. "ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అన్న కంగారులో ఎవరూ ఇరవై లక్షల నిర్ణయం తీసుకోకూడదు.

మీ ఆవిడ మాటకొద్దాం. ఆవిడ చెప్పేది డబ్బు లెక్క, ఆ లెక్క కరెక్టే. గుంటూరు నుంచి విజయవాడ రానూపోనూ 70 కిలోమీటర్లు వేసుకో, నెలకి 25 రోజులంటే 1,750. నీ బండి ఆ ట్రాఫిక్‌లో లీటరుకి 11 ఇస్తే 159 లీటర్లు, లీటరు 110 చొప్పున 17,500 రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ అయితే చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 300 యూనిట్లు అనుకుందాం, యూనిట్ పది రూపాయలు వేసినా మూడు వేలు. అంటే నెలకి 14 వేలకి పైగా తేడా. కాజా టోల్ ఎటూ కట్టాల్సిందే కాబట్టి అది లెక్కలోకి తీసుకోలేదు. ఇక మంగళగిరి దగ్గర, వారధి ఎక్కేటప్పుడు, బెంజ్ సర్కిల్‌లో ఆగుతూ పాకుతూ పోయే ఆ ప్రయాణంలో నీ టర్బో ఇంజిన్ ఒక్కసారైనా నోరు విప్పుతుందా? దానికి సుఖం లేదు, నీకూ లేదు. ఆ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఉండేది పొడి క్లచ్, ఎండాకాలం మన ట్రాఫిక్ వేడిలో అంగుళం అంగుళం జరపడం దానికి అన్నిటికంటే పెద్ద శిక్ష. ప్రాణమన్న బండిని రోజూ నువ్వే అరగదీస్తున్నావు.

అందుకని నేను చెప్పేది ఇది. ఆక్టేవియాను ఉంచుకో, రోజువారీ పని నుంచి దానికి విశ్రాంతి ఇవ్వు. వర్టస్‌కి పెడదామనుకున్న దానిలో సగం పైచిలుకుతో ఒక చిన్న ఎలక్ట్రిక్ తీసుకో, టాటా పంచ్ ఎలక్ట్రిక్ లాంటిది, లేదంటే రెండేళ్లు వాడిన నెక్సాన్ ఎలక్ట్రిక్‌ని బ్యాటరీ హెల్త్ రిపోర్టు చూసి తీసుకో. ఎలక్ట్రిక్ బండ్లు సెకండ్స్‌లో ధర తొందరగా పడిపోతాయి, అమ్మేవాడికి అది నష్టం, కొనేవాడికి లాభం. 286 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ జోలికి పోవద్దు, వేగం కోసం ఇంట్లో ఒకటి ఉంది కదా, ఆఫీసుకి పోయి రావడానికి నెమ్మదైన, చల్లగా ఏసీ ఇచ్చే చిన్న బండి చాలు. పెట్రోల్ మీద మిగిలే 14 వేలు ఈఎంఐలో చాలా భాగం మోస్తుంది, అందులో ఒక మూడు వేలు మాత్రం ప్రతి నెలా ఆక్టేవియా పేరు మీద పక్కన పెట్టు. క్లచ్, టర్బో, చైన్, ఏది వచ్చినా అప్పటికప్పుడు ఇంట్లో గొడవ పడకుండా ఉంటుంది. ఈ లెక్క మీ ఆవిడ ముందు కాగితం మీద రాసి పెట్టు. "నాకిష్టం" అంటే ఆవిడకి వినబడేది ఖర్చు, "రోజూ తిరిగేదానికి నువ్వు చెప్పిందే కొందాం, ఇది మాత్రం ఉంచుకుంటాను" అంటే వినబడేది వేరు.

మీది సొంత ఇల్లో అపార్ట్‌మెంటో రాయలేదు. అపార్ట్‌మెంట్ అయితే పార్కింగ్‌లో మీ మీటర్ నుంచి 15 ఆంపియర్ల పాయింట్ వేయించుకునే మాట అసోసియేషన్‌తో ముందే తేల్చుకో, బండి బుక్ చేశాక కాదు. ఆ పాయింట్ ఉంటే నీ 70 కిలోమీటర్లకి రాత్రి నాలుగు గంటల చార్జింగ్ చాలు. అది కుదరకపోతే నా సలహా మారుతుంది, రోజూ బయట ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడి బతకొద్దు.

అమ్మ భయాన్ని తీసిపారెయ్యకు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లన్నీ మునిగిపోయాక ఎవరికైనా ఆ భయం ఉంటుంది. ఆవిడకి ఇలా చెప్పు: కారు బ్యాటరీ నీళ్లు చొరబడకుండా సీలు చేసి ఉంటుంది, దాని కరెంటుకి బండి బాడీతో సంబంధం లేకుండా కడతారు, లోపం కనిపిస్తే తనంతట తనే తెగిపోతుంది. అయినా రోజుల తరబడి మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, కంపెనీ వాళ్లు వచ్చి చూడాలి. పెట్రోల్ బండి కూడా అంతే, సిలిండర్లోకి నీళ్లు పోయాక కీ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజిన్ మొత్తం పోతుంది. రెండింటికీ ఇన్సూరెన్స్‌లో ఆ రక్షణ ఉండే పాలసీ తీసుకో. మంటల సంగతికొస్తే, మంచి కంపెనీ కారు, కంపెనీ ఇచ్చిన చార్జర్, సరైన వైరింగ్, ఈ మూడూ ఉంటే సరిపోతుంది, జుగాడ్ ప్లగ్గులు మాత్రం వద్దు. 45 డిగ్రీల మధ్యాహ్నం హైవే మీద తోలి తోలి వెంటనే ఫాస్ట్ చార్జర్‌కి పెట్టకుండా కాసేపు నీడలో ఆగితే బ్యాటరీకి మంచిది.

ఆక్టేవియాని ఆదివారాల బండిగా మార్చాక రెండు జాగ్రత్తలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, 2018 నాటి బండి దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి ఫుల్ ట్యాంక్ కొట్టించి నెలల తరబడి నిలబెట్టకు, పది పదిహేను రోజులకి ఒకసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా నడుపు, ఇంధన గొట్టాలు, రబ్బర్లు సర్వీసుకి వెళ్లినప్పుడల్లా చూపించు. ఆయిల్ మాత్రం కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. ఆదివారం పొద్దున్నే కొండవీడు ఘాట్ రోడ్డుకి తీసుకెళ్లు, వారమంతా బెంజ్ సర్కిల్‌లో వినిపించని ఆ గొంతు అక్కడ మలుపు మలుపుకీ వినిపిస్తుంది.

మీ బాబాయి గురించి చాలాసేపు ఆలోచించాను, మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన దిగులు ఉత్తిది కాదు. మోటారులో పిస్టన్ లేదు, రింగులు లేవు, హెడ్డు పని లేదు, రీబోర్ లేదు, ఆయన చేతికి తెలిసిన పనిలో సగం ఆ బండిలో అసలు ఉండదు. కానీ పదేళ్లకి అంతా మూత అన్నది కూడా నిజం కాదు. 2024లో మన దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో ఎలక్ట్రిక్‌వి వందకి రెండు మూడే, అంటే ఆ ఏడు రోడ్డెక్కిన మిగతా బండ్లన్నీ ఇంకో పదిహేనేళ్లు పెట్రోల్, డీజిల్, గ్యాస్ మీదే తిరుగుతాయి. పైగా కొత్త ఇంజిన్లు చేసేవాళ్లు తగ్గేకొద్దీ ఉన్నవాటిని బాగుచేయడం తెలిసిన చేతికి విలువ పెరుగుతుంది, ఆర్‌ఎక్స్ మేస్త్రీలకి జరిగింది అదే.

మార్పు ముందుగా తగిలేది ఆటోల్లో. 2024లో దేశంలో అమ్ముడైన మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వే. కాబట్టి షెడ్డులో ఒక కుర్రాణ్ణి ఇప్పుడే ఎలక్ట్రిక్ ఆటోల మోటారు, కంట్రోలర్, వైరింగ్ పని నేర్చుకోమని పంపమని చెప్పు. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, ఏసీ ఎటూ పోవు. ఎలక్ట్రిక్ బండి బరువెక్కువ కాబట్టి కింద బుష్‌లు, టైర్లు ఇంకా తొందరగా అరుగుతాయి కూడా. హై వోల్టేజ్ భాగాల జోలికి మాత్రం ట్రైనింగ్ లేకుండా ఎవరినీ పోనివ్వొద్దు, అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి వినే పని కాదు, ప్రాణం పోతుంది.

చివరిగా, నువ్వు "వేరే సంగతిలే" అని వదిలేసిన ఆ గరగర. వేరే సంగతి కాదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గరగరమని తరవాత ఆగిపోతుందంటే, ఆ ఇంజిన్‌లో ముందు అనుమానించాల్సింది టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్‌ని. ఆయిల్ ఒత్తిడి అందేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. అది జారితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ అక్కడికక్కడే పోతుంది, అప్పుడు ఈ ఉత్తరానికీ నా జవాబుకీ పనే ఉండదు. రేపు బండి బయటకి తీయకు, బస్సులో వెళ్లు. బాబాయిని ఇంటికి రమ్మని చెప్పు, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ని పొద్దున్నే ఆయన ఎదురుగా స్టార్ట్ చెయ్యి. ఆయన విని ఏమన్నాడో నాకు రాయి.